ఖోఖో ఆటలో నిలబడిపోయిన అక్క

మదనపల్లె అంగట్లో కొత్త కెమెరా డబ్బా మూత తీయగానే రబ్బరు వాసన గుప్పుమంది. మా పెద్దక్కకు నాన్న మొట్టమొదటిసారి కొనిచ్చిన కాన్వాసు బూట్లు నాకు గుర్తొచ్చాయి. అంగడాయన ఓపికగా చెబుతున్నాడు: పరిగెత్తే మనుషుల్ని తీయాలంటే కెమెరా బాడీ ఎంత ఖరీదైనదైనా లాభం లేదు, దూరాన్ని దగ్గరికి లాగుతూ, వెలుతురు తగ్గినా షట్టరును వేగంగా పడనిచ్చే లెన్సు కావాలి. నేను ఊ కొడుతున్నానే గానీ, మనసంతా పుంగనూరు బడి మైదానంలో ఉంది.

అనపకాయల కాలంలో, మంచు ఇంకా విడవకముందే, అక్క అక్కడ ఖోఖో ఆడేది. ఇంట్లో అవ్వ పొయ్యి ముందు కూర్చుని అనపగింజల పితికిపప్పు పులుసు కలుపుతూ, "ఆడపిల్లకు ఆ గంతులు యాలమ్మా, కాలిరిగితే ఎవురు సూస్తారు?" అని సణిగేది. సణుగుతూనే అక్క సంగటి ముద్ద మీద ఇంకో గరిటె నెయ్యి వేసేది. వరసగా కూర్చున్న పిల్లల మధ్య నుంచి అక్క వంకర్లు తిరుగుతూ దూసుకుపోతుంటే, తరిమే పిల్ల చేతికి గాలి తప్ప ఏమీ దొరికేది కాదు. నేను గట్టు మీద కూర్చుని, ఒళ్లో చెనక్కాయలు ఒలవడం కూడా మరిచిపోయి చూసేవాణ్ణి. అంత అందమైన పరుగు మళ్లీ ఎక్కడా చూడలేదు.

కుప్పంలో పోటీలప్పుడు నాన్న ఒక స్టూడియో ఆయన్ని బతిమాలి మైదానానికి పిలుచుకొచ్చాడు. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో కెమెరా ఎత్తితే చంటిబిడ్డ కూడా కదలకూడదు, కదిలితే రీలు దండగ. ఊపిరి బిగబట్టి కొయ్యలా నిలబడితేనే ఫోటో. అక్క జట్టులో అందరూ ఔటై, తను ఒక్కతే మిగిలి పరిగెడుతోంది.

"పాపా, రొంత అట్లే నిలబడమ్మా!" అన్నాడు స్టూడియో ఆయన.

"నిలబడమ్మా, ఫోటో తీస్తాండాడు!" నాన్న కూడా అరిచాడు.

అక్క నిలబడింది. చేతులు రెండూ పక్కలకు ఆనించి, గడ్డం ఎత్తి, బుద్ధిగా. తరిమే పిల్ల వచ్చి వీపు మీద చరిచింది. ఆట పోయింది, మైదానమంతా నవ్వింది, నాన్న మాత్రం ఇల్లు చేరేదాకా తలెత్తలేదు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది, ముక్కు మీది చెమట బొట్టుతో సహా. అందులో పరుగే లేదు.

మరుసటేడు పెళ్లయి అక్క సోమలకు వెళ్లిపోయింది. పుంగనూరు బడి మైదానంలో ఇప్పుడు గడ్డి మొలిచింది, ఖోఖో ఆడే పిల్లలు లేరు. అయినా ఆ పరుగు ఒక్కసారి పట్టుకోవాలని ఎన్నేళ్లుగానో నాకు ఆశ. అంగట్లోంచే అక్కకు ఫోన్ చేశాను.

"పరిగెత్తేవాళ్లను తీసే కెమెరా కొంటాండానక్కా. నాకోసం నాలుగడుగులు పరిగెత్తుతావా?"

అక్క పకపకా నవ్వింది. "ఇంగ మోకాళ్లు యాడుండాయప్పా నాకు? గోడ పట్టుకోకుంటే లేసేదానికే కాదు. కూసోబెట్టి తీయప్పా, బాగుంటాది."

ఏ లెన్సు ఇమ్మంటారని అంగడాయన అడుగుతున్నాడు. కూర్చున్న అక్కను తీయడానికి నా చేతిలోని ఫోను చాలు.