లాలీకి కట్టని చిక్కం

శికార్‌పుర్ దగ్గరి ఆ ఊళ్లో వర్యామ్‌ను మించిన ఒంటెలవాడు లేడని అనేవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ వర్యామే. ముసలితనంలో ఆ మాట తనే చెప్పి, అందరికంటే ముందు తనే నవ్వేవాడు.

కాందహార్ మీదికి పోయే పటాలానికి సామాను మొయ్యాలంటూ దొరల మనుషులు ఊరి ఒంటెలన్నిటినీ తోలుకుపోయిన ఏడాది, తన ఆడ ఒంటె లాలీని పరాయి చేతుల్లో పెట్టలేక తనూ వెంట బయలుదేరాడు. పిల్లల్లేని ఆ ఇంటికి లాలీయే పిల్ల. దాన్ని ప్రాణాలతో ఇంటికి తెచ్చుకుంటే చాలనుకున్నాడు.

బోలాన్ కనుమ మొదట్లో పీరల్ అనే బ్రాహుయీ కొండజాతి ఒంటెలవాడు ఒక చిక్కం తెచ్చిచ్చాడు. మేకవెంట్రుకలతో స్వయంగా అల్లింది.

"మూతికి కట్టు తమ్ముడూ. వాగు పొడుగునా గన్నేరే. మా కొండ ఒంటెలు దాని జోలికి పోవు. మీ మైదానం వాటికి తెలీదు, మేసి చస్తాయి."

వర్యామ్‌కు తల కొట్టేసినట్టయింది. వాళ్ల ఊళ్లో చిక్కం కట్టేది కరిచే ఒంటెకే.

"మా లాలీకా! అదేమన్నా కరుస్తుందా? నేను పెట్టందే గడ్డిపరక ముట్టదన్నా."

"అట్టాగా? గన్నేరు చెట్టుకి కూడా ఆ సంగతి చెప్పు మరి."

ఇచ్చింది కాదనడం బాగుండదని వర్యామ్ చిక్కం పుచ్చుకున్నాడు. అందులో తన ఉల్లిపాయలు పోసి, లాలీ వీపు మీది గంతకే వేలాడగట్టాడు.

మూడో మజిలీలో వాగు పక్కన బరువులు దించారు. వర్యామ్ తోటివాళ్ల మధ్య కూర్చుని లాలీ ఎంత బుద్ధిమంతురాలో కోతలు కోస్తున్నాడు. వెనక్కి తిరిగేసరికి దాని నోటినిండా గన్నేరు పూలు.

కాసేపటికే అది కూలబడింది. నోట నురగ వచ్చింది. వర్యామ్ ఉల్లిపాయలు నేలన కుమ్మరించి, చిక్కం దాని మూతికి కట్టాడు.

"ఇప్పుడెందుకు తమ్ముడూ!" అన్నాడు పీరల్, అతని భుజం పట్టుకుని.

పొద్దు గుంకకముందే లాలీ పోయింది. మర్నాడు దండు కదిలాక వర్యామ్ నాలుగడుగులు వేసి, వెనక్కి పరుగెత్తాడు. చచ్చిన ఒంటె మూతినుంచి చిక్కం ఊడదీశాడు. వెనక వచ్చేవాళ్లు చూస్తే దాన్ని కరిచే ఒంటె అనుకుంటారు.

"అప్పుడు కూడా పరువే చూసుకున్నానర్రా, ఎంత గొప్ప ఒంటెలవాణ్ణో!" అనేవాడు వర్యామ్. నవ్వించాలనే అనేవాడు. ఆ చోటికి వచ్చేసరికి మాత్రం తను నవ్వేవాడు కాదు.