స్టేషన్ బల్ల మీది దిండ్లు

“చింపి బొంత కుట్టినవా? గంత తొందరేమొచ్చింది పెద్దమ్మా నీకు?”

“చింపలేదయ్యా, విప్పాను. కుట్లన్నీ బ్లేడుతో విప్పి, గుడ్డలు ఉతికి ఆరేసి మరీ కుట్టాను. వెలిసిపోయిన దిండ్లు, స్టోరు రూములో మూటగట్టి పడేశారు. ముసలావిడేమో ఏసీలో వణికిపోతోంది.”

“పడెయ్యలే. దాసిపెట్టుకున్నది. ఒక్కమాట అడగకపోయినవ్?”

“ఏ భాషలో అడగను? నువ్వేమన్నా జపాన్లో చదువుకొచ్చావా, నీ చేత అడిగించడానికి?”

గల్ఫ్‌లో, అల్ ముంతజా అనే పేటలో ఒక జపాన్ వాళ్ళింట్లో నేను వంటపనీ ఇంటిపనీ చేసేదాన్ని. ఆ అబ్బాయి వాళ్ళ డ్రైవరు, కరీంనగర్ వైపు వాడు. మేడమ్ గారి తల్లి, జపాన్లో తన ఊళ్ళో భూకంపానికి ఇల్లు కూలిపోతే, వచ్చి కూతురి దగ్గర ఉంటోంది. ఆ సాయంత్రం మేడమ్‌ని బజారు నుంచి తీసుకొచ్చి, సామాను వంటింట్లో పెడుతూ నా చేతిలో బొంత చూశాడు. అంచు కుట్టడం ఒక్కటే మిగిలింది. అక్కడే పట్టుకున్నాడు నన్ను.

“ఆమె ఊర్ల చిన్న రైల్వే స్టేషనంట. చలికాలం బల్ల మీద కూసుంటే సల్లగ తగుల్తదని ఊరి ఆడోళ్ళు ఇంటికొక మెత్త కుట్టి ఏస్తరంట. భూకంపానికి కొండ విరిగి పట్టాల మీద పడ్డది. స్టేషన్ బంద్ జేసిన్రు. ఎవలి మెత్త వాళ్ళు తీస్కపోయిన్రు. ఇవి మిగిలినయ్.”

“మిగిలితే?”

“కుట్టినోళ్ళు సచ్చిపోయిన్రు పెద్దమ్మా. అందుకే ఈమె తెచ్చుకున్నది. స్టేషన్ తెరిస్తే మళ్ళ గదే బల్ల మీద ఏస్తదంట. రేపు మూట విప్పి ఎండకు పెడ్తదని ఇప్పుడే మేడమ్ కార్ల జెప్పింది.”

సూది ఎక్కడిదక్కడ ఆగిపోయింది. విప్పిన దిండ్లన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. ఒకదాని కుట్టు చీమలబారులా సన్నగా ఉంది. ఇంకొకటి అష్టవంకర్లు. కుట్టు రాని మనిషెవరో తగలేసిందని, విప్పుతూ నాలో నేనే నవ్వుకున్నాను.

“ఆమె మంచికే జేసినవ్ తియ్యి,” అన్నాడు కొంచెం మెత్తబడి. మళ్ళీ బొంత నొక్కి చూశాడు. “అన్ని మెత్తల దూది గీ ఒక్క బొంతల్నే పట్టిందా?”

మిగిలిన దూది నా తలగడలో ఉంది. చదివింది మూడో తరగతే అయినా, అడక్కుండా తీసుకున్నదాన్ని ఏమంటారో నాకు తెలియకపోలేదు. మేడమ్‌కి కాస్త హిందీ వచ్చు, నాకూ వచ్చు. అడగొచ్చు. వద్దంటుందేమోనని అడగలేదు. చలికి వణికే ముసలావిడ పేరు చెప్పుకున్నాను గానీ, మంచి దూది వృథాగా పడి ఉండటం నేనే ఓర్చుకోలేకపోయాను.

“మేడమ్‌కు నేను జెప్పాల్నా?”

“వద్దు. నోరు నాకూ ఉంది.”

“నీ నోరు సంగతి నాకెరుకలే. గా ముసలామె మీదికి లేవకు మరి,” అనేసి బండి కడగడానికి పోయాడు.

మర్నాడు పొద్దున ముసలావిడ టీ తాగుతుండగా బొంతా, తలగడలోంచి తీసిన దూదీ, ఖాళీ మూటగుడ్డా తెచ్చి ముందు పెట్టాను. చేతులు జోడించాను. ఆవిడ మూటగుడ్డ వంక చూసింది, బొంత వంక చూసింది. అరవలేదు. లోపలికెళ్ళి చిన్న కత్తెర తెచ్చుకుని, నేల మీద కూర్చుని, బొంత అంచు నుంచి నా కుట్లు ఒక్కొక్కటే కత్తిరించడం మొదలుపెట్టింది. నేనూ ఎదురుగా కూర్చుని రెండో అంచు పట్టుకున్నాను. నా చెయ్యి తీసి నా ఒళ్ళో పెట్టింది. మళ్ళీ పట్టుకుంటే మళ్ళీ తీసింది. లేచి వంటింట్లోకి పోయాను.

గిన్నెలన్నీ తోమి వచ్చేసరికి గుడ్డలు వేరు చేసి, ఎవరు కుట్టినవి వాళ్ళకన్నట్టు చిన్న చిన్న కుప్పలు పెట్టింది. ఒక్క ముక్క మాత్రం ఎందులో వెయ్యాలో తెలియక చేతిలో పట్టుకుని కూర్చుంది.