మా అమ్మాయి గడగడా చదివిన కీర్తన

బళ్లో కొడుతున్నారని జూన్‌లో మా ఆరేళ్ల మేరీని మాన్పించాను. అప్పట్నుంచి ఇంట్లోనూ, కోతలు మొదలయ్యాక మిరపకల్లంలోనూ కూర్చోబెట్టి నేనే చదువు చెబుతున్నాను. నేను చదివింది ఐదో తరగతి. రోజూ ప్రార్థన చేసుకుని, బైబిల్లో ఒక కీర్తన నేను చదివి తనతో చదివిస్తాను.

ఈ సాయంత్రం పాస్టరమ్మగారు వచ్చి చదవమంటే, మేరీ వేలు పెట్టి గడగడా చదివేసింది. నేను మీసం దువ్వాను.

"చూశారా అండీ, మన కల్లం కాన్వెంటు!"

ఆవిడ నవ్వలేదు. "బాగానే చెప్పింది బాబూ. కానీ ఆ కీర్తన ఈ పేజీలో లేదు."

తెరిచి ఉన్న పేజీ చదవమంటే మేరీకి ఒక్క ముక్కా రాలేదు. ఎనిమిది నెలలుగా నా నోట విన్నదే అప్పజెబుతోందన్నమాట. తగుదునమ్మా అని పంతులుగా కూర్చున్న నాకు అదీ తెలియలేదు.

ఆవిడ వెళ్లాక మేరీ అడిగింది. "నాన్నా, మళ్లీ ఆ బడికి పంపేస్తావా?"

నా జవాబు కోసం చూడకుండా అదే బైబిలు తెచ్చి మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. "ఇదేంటో చెప్పు."

చెప్పాను. ఈ రోజుకి వచ్చింది ఆ ఒక్క అక్షరమే. ఈ లెక్కన కీర్తన పూర్తయ్యేసరికి నాకు పళ్లూడిపోతాయి. మీ పిల్లలకి రెండో అక్షరం ఎలా నేర్పారో కాస్త చెప్పండి.