సిడ్సెల్ వీపు

కోపెన్‌హేగెన్ చేపల బజారులో సిడ్సెల్ కేక వినబడలేదంటే ఆ రోజు పడవలు రాలేదనే లెక్క. ఏరి కోరి అలాంటి మనిషినే 'మౌనంగా ఉత్తరం చదివే స్త్రీ' బొమ్మకి కుదుర్చుకున్నాడు చిత్రకారుడు థోరుప్. ఎవరి ఖర్మకి ఎవరు కర్తలు?

"వసంతంలో బొమ్మల ప్రదర్శనకి రండి, గోడమీద నా మొహం చూద్దురుగాని!" అని ఆమె బజారంతా చాటింది.

పక్క బుట్ట ఆడపడుచు అబెలోనది. "నీ మొహం చూసే కదా వదినా, చేపలు చచ్చింది!"

సిడ్సెల్‌కి ఒళ్లు మండింది. "ఆ బొమ్మలో నేను లేకపోతే వంతెన పక్క నా చోటు నీదేనే, పో!"

బేరాలన్నీ ముందు తగిలేది ఆ చోటులోనే. ఇరవై ఏళ్లుగా అది సిడ్సెల్‌ది.

థోరుప్ రెండు రోజులు ఆమె మూతి గీశాడు, చెరిపాడు. మూడోనాడు కిటికీవైపు తిప్పి నిలబెట్టాడు. వెలుతురు కోసం కాబోలనుకుని, ఆమె రెండు వారాలు కిటికీతోనే కబుర్లు చెప్పింది. బొమ్మ మాత్రం ఆయన చూపించలేదు.

ప్రదర్శన నాడు బజారు ఆడవాళ్లంతా మొగుళ్లను వెంటేసుకుని వచ్చారు. బొమ్మలో కిటికీ ఉంది, ఉత్తరం ఉంది, తెల్ల తలగుడ్డ, వీపు ఉన్నాయి. మొహం లేదు.

"నా మొహం ఏదయ్యా?"

"అది ఒక్క నిమిషమైనా కుదురుగా ఉంటేనా తల్లీ!" అన్నాడు థోరుప్.

"ఈ వీపు ఎవరిదైనా కావచ్చు. చోటు నాదే," అంటూ అబెలోన బొమ్మ దగ్గరికి వంగింది. నడుము వెనక ఏప్రన్ ముడి చూసి ఆగిపోయింది. "ఇది మా నాన్న వేసే వల ముడి! అన్నయ్యా, ఆయన నీకొక్కడికే కదా నేర్పాడు?"

సిడ్సెల్ మొగుడు ఇవర్ చెవులు ఎర్రబడ్డాయి. "బుట్ట మోసి మోసి దాని చెయ్యి వెనక్కి తిరగదే. పొద్దున్నే నేనే కడతా."

ఆడవాళ్లంతా ఒక్కసారిగా తమ తమ మొగుళ్లవైపు తిరిగారు. మొగుళ్లు వేరే బొమ్మలు చూడసాగారు.

"చోటు నీదేలే వదినా. మా ఆయనకి నా ఏప్రన్ రంగేంటో కూడా తెలీదు," అంది అబెలోన.

ఊళ్లో అన్నీ చెప్పే సిడ్సెల్, మొగుడి పరువు కోసం ఇన్నేళ్లూ దాచింది ఈ ఒక్క మాటే. ఆమె ఇవర్‌ని చూస్తూ నోట మాట లేక నిలబడిపోయింది.

"అలాగే ఉండమ్మా, కదలకు!" అంటూ థోరుప్ జేబులో పెన్సిల్ కోసం తడుముకున్నాడు. అది దొరికేలోపే ఆమె గొంతు హాలంతా మోగింది.

"విన్నారా? రోజూ ఆయనే కడతాడు!"