ఒంటివేడి అన్నం

మా రెస్టారెంట్‌కి రెండు మొహాలు. వీధి వైపు నుంచి వస్తే ముందు నా పొయ్యి కనిపిస్తుంది. మాంసం ముక్క పడగానే మంట ఎగుస్తుంది, పిల్లలు కేకలు వేస్తారు, పెద్దలు ఫోన్లు తీస్తారు. సముద్రం వైపు నుంచి వస్తే సుషీ బల్ల. అక్కడ మాస్టారు పచ్చి చేపను పల్చగా కోసి, చిన్న అన్నం ముద్ద మీద పరిచి అందిస్తుంటాడు. ఈ రెండింటికీ మధ్య, గోడ వెనకాల, కిటికీ లేని గది ఒకటుంది. ఏళ్ళ తరబడి తినిపోయేవాళ్ళకి కూడా దాని సంగతి తెలియదు. అందులో మా వదిన అన్నం వండేది.

మా అన్నయ్య పోయిన ఏడాదికి నేనే ఆమెను అక్కడ చేర్పించాను. నోట్లో నాలుక లేని మనిషి. పక్కింటావిడ మా బకెట్టు పట్టుకుపోతే తిరిగి అడగడానికి నన్ను పంపేది. ఆ గదిలో అడుగుపెడితే మాత్రం మనిషే వేరు. ఉడికిన అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టిలోకి దించి, పంచదారా ఉప్పూ కలిపిన వెనిగర్ చిలకరించి, ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేత్తో విసనకర్ర విసిరేది. ఆ సమయంలో తలుపు తీసింది సాక్షాత్తూ యజమాని అయినా సరే, "గాలి కొడుతోంది, మూసేయండి" అనేసేది. పెద్దాయన నోరెత్తకుండా మూసేసేవాడు. ఆమె మాట చెల్లే చోటు ఈ భూమ్మీద అదొక్కటే.

సుషీ అన్నం మనిషి ఒంటివేడి మీద ఉండాలి. మరీ చల్లారితే గట్టిపడుతుంది. వేడి ఎక్కువైతే ముద్ద విడిపోతుంది, పైన ఉన్న చేప వడిలి వాసన మొదలవుతుంది. వదిన నాలుగు మెతుకులు తీసి మణికట్టు లోపలి వైపు పెట్టుకుని కళ్ళు మూసుకునేది. వేడీ తెలియకూడదు, చల్లదనమూ తెలియకూడదు. ఏమీ తెలియలేదంటే అయినట్టే. అప్పుడు గోడ మీద రెండుసార్లు తట్టేది. ఆ చప్పుడు వినబడ్డాక ఆ అన్నాన్ని ఇంకెవరూ ముట్టి చూసేవారు కాదు. మాస్టారి చేతులు ఎలాగూ ఎప్పుడూ మంచునీళ్ళలో మునిగి ఉంటాయి, ముద్ద వాటిలో రెండు క్షణాలే ఉంటుంది, ఆయనకి తేడా తెలియదు.

పెద్దాయన మంచాన పడ్డాక కూతురు పెత్తనం తీసుకుంది. నడుముకి తాళాలగుత్తి గలగలలాడుతుంటుంది కాబట్టి మేం చాటుగా తాళాలమ్మ అనేవాళ్ళం. చెడ్డమనిషి అంటే కళ్ళు పోతాయి. కాకపోతే వచ్చిన నెలకే ఒక యంత్రం కొని, అట్టపెట్టె విప్పకుండా సామాన్ల గదిలో పెట్టింది. అన్నం అదే వండుతుందట, అదే కలుపుతుందట, అదే చల్లారుస్తుందట.

మాస్టారు అడ్డం పడ్డాడు. "ఆవిడ చేతి అన్నం ఉండగా నాకు ఇంకోటి వద్దమ్మా."

"సరే మాస్టారూ. కానీ ఒక్కసారి తేడా వచ్చిందంటే ఆ పెట్టె విప్పేస్తాను."

బియ్యం తెచ్చుకోవాలంటే వదిన రోజూ ఆ అట్టపెట్టె పక్కనుంచే వెళ్ళాలి. "నీ సవతి లేచిందా?" అని నేను ఏడిపించేదాన్ని. "ఇంకా నిద్రపోతోంది" అనేది. నవ్వేది మాత్రం కాదు.

ఆ ఆదివారం పడవ పందేలు. మధ్యాహ్నానికి డెబ్బైమంది వస్తారని ముందే చెప్పారు. పొద్దున వదిన కాఫీ సగం వదిలేసింది. నేను చూశాను, హడావిడిలో పట్టించుకోలేదు. పదింటికి బొగ్గులు రాజేసి, కాలే ఇనప చట్రాన్ని తుడుస్తుంటే నా దగ్గరకి వచ్చింది. పని వేళలో ఆమె ఆ గది దాటి రావడమే అరుదు.

"అమ్మాయ్, నుదుటి మీద చెయ్యి పెట్టి చూడు. ఒళ్ళు వెచ్చగా ఉందా?"

చేతిలో గుడ్డ పక్కన పడేసి చూశాను. "ఏం లేదు, చల్లగానే ఉన్నావు. నిద్ర చాలక అలా అనిపిస్తోంది. వెళ్ళు వెళ్ళు, నీ సవతి లేస్తుంది."

తల ఊపి వెళ్ళిపోయింది. రోజూ కంటే కాస్త ముందే గోడ మీద తట్టిన చప్పుడు వినబడింది. జనం ఎక్కువ కదా, తొందరపడి ఉంటుందిలే అనుకున్నాను.

ఒంటిగంటకి ఇసక వేస్తే రాలనంత జనం. పాటలు, గ్లాసుల మోత, గెలిచినవాళ్ళ గోల. ముందు ఒక పెద్దమనిషి ఎత్తిన ముద్ద విడిపోయి సాస్ గిన్నెలో పడింది. బల్లంతా నవ్వింది. తర్వాత ఒకామె చేపను వాసన చూసి పళ్ళెం పక్కకి నెట్టేసింది. ఇక అక్కడినుంచి వడ్డించే అమ్మాయిలు వెళ్ళిన పళ్ళేలతోనే వెనక్కి రావడం మొదలుపెట్టారు. మాస్టారు రెండు మెతుకులు పెదవికి ఆనించుకుని, కత్తి కింద పెట్టి, గది వైపు నడిచాడు. నేను మంట మీద మాంసాన్ని అలాగే వదిలేసి వెనకే పరిగెత్తాను.

వదిన బియ్యం బస్తా మీద కూర్చుని ఉంది. మణికట్టు మీద నాలుగు మెతుకులు. "సరిగ్గానే ఉంది మాస్టారూ. నాకేమీ తెలియడం లేదు, చూడండి."

మాస్టారు మంచునీళ్ళ చేత్తో ఆ మణికట్టు పట్టుకుని ఉలిక్కిపడ్డాడు. "ఏంటమ్మా ఇది, కాలిపోతున్నావు! ఈ ఒంటికి అన్నం వేడి ఎలా తెలుస్తుంది?"

నేను నా చేతుల వంక చూసుకున్నాను. పదకొండేళ్ళుగా బొగ్గుల దగ్గర మాడిన చేతులు. ఏ జ్వరం కంటే కూడా వేడిగా ఉంటాయి. వాటితో ఆమె నుదురు ముట్టుకుని చల్లగా ఉన్నావని చెప్పి పంపాను. అందరి ముందూ ఆ మాట ఒప్పుకోవాల్సింది. మాంసం మాడుతోందని పొయ్యి దగ్గరకి వెళ్ళిపోయాను.

తాళాలమ్మ తిట్టలేదు. తన కార్లోనే డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళింది. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అని కడుపుమంట తీర్చుకునేదాన్ని, ఆ కాస్త సుఖం కూడా దక్కలేదు. వారం తర్వాత వదిన లేచి వచ్చేసరికి పెట్టె విప్పేసి ఉంది. ఆమెకి ముందు వైపు కిటికీ దగ్గర కీరదోసకాయలు తరిగే పని ఇచ్చారు. అక్కడైతే గాలి వస్తుంది, హాయిగా ఉంటుంది అన్నారందరూ. హాయిగానే ఉంటుంది. తినేవాళ్ళలో అన్నం మారిందని అడిగినవాళ్ళు ఒక్కరు లేరు. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

నెలలు గడిచాయి. ఆ మాట నాలోనే ఉండిపోయింది. ఒక సెలవు రోజు, బయట ముసురు, వదిన ఇంట్లో అన్నం వారుస్తుంటే ఇక ఆగలేకపోయాను.

"వదినా, ఆ రోజు తప్పంతా నాది. పొయ్యి దగ్గరి చెయ్యి, దానికి నీ జ్వరం ఏం తెలుస్తుంది? నా మాట నమ్మి నువ్వు..."

ఆమె గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "నీ చేతులెలా ఉంటాయో నాకు తెలియదనుకున్నావా? మాస్టార్ని అడిగితే ఆ మంచు చేత్తో ఇట్టే పట్టేసి ఇంటికి పంపేవాడు, ఆ పెట్టె విప్పేసేవాళ్ళు. జ్వరం లేదని చెప్పే చెయ్యి అక్కడ నీదొక్కటే. అందుకే నీ దగ్గరకి వచ్చాను."

నేను పీట లాక్కుని కూర్చున్నాను.

"జ్వరం ఒంటికి వస్తుంది గానీ చేతికి రాదనుకున్నానే," అంది. ఆ మాట అంటూనే అలవాటుకొద్దీ నాలుగు మెతుకులు తీసి మణికట్టు మీద పెట్టుకుంది. కాసేపు అలా ఉండి, చెయ్యి నా వైపు చాపింది. "దీని మీద నాకిక నమ్మకం లేదు. నువ్వు చూసి చెప్పు."

"నాకేం తెలుస్తుంది వదినా, నా చేతికి అన్నీ చల్లగానే ఉంటాయి."

ఆ మెతుకుల్ని నోట్లో వేసుకుని, రెండు కంచాలు పెట్టింది. వడ్డించేసరికి అన్నం చల్లారిపోయింది. ఇద్దరం అలాగే తినేశాం.