రెండో బ్రేకు

డ్రైవింగు స్కూల్లో అందరూ ఆవిణ్ణి బ్రేకు టీచరంటారు. ఎదురుగా కాదు, చాటుగా. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతుంటే, పక్క సీట్లో కూర్చుని, తన కాలి కిందున్న రెండో బ్రేకుని సమయానికి నొక్కడమే ఆవిడ ఉద్యోగం. ఆ కుడికాలి పుణ్యమా అని బతికి బట్టకట్టిన గోడలూ, కుక్కలూ, కరెంటు స్తంభాలూ ఊళ్ళో కోకొల్లలు. అలవాటు ఎముకల్లోకి దిగిపోయింది. బస్సెక్కినా, లిఫ్టులో దిగుతున్నా, సినిమాలో కారు మలుపు తిరిగినా ఆ కాలు నేలని నొక్కేస్తుంది. నిద్రలో కూడా నొక్కుతుంది. అందుకే మొగుడు మంచానికి ఆ చివరన, గోడని అంటిపెట్టుకుని పడుకుంటాడు.

అలాంటి మనిషికి యాభై దాటాక, మట్టి గుట్టల మీద తోలే మోటారు సైకిలు పిచ్చి పట్టింది.

ఒకరోజు కొత్తగా చేరిన విద్యార్థి దారి తప్పి, కారుని ఊరి వెనక పాత రాళ్ళ క్వారీ వైపు పోనిచ్చాడు. అక్కడ నలుగురైదుగురు, ఎత్తైన బళ్ళ మీద నిలబడే స్వారీ చేస్తూ, గుంటల్లోకి దిగి గట్ల మీదికి ఎగురుతున్నారు. వాళ్ళ పక్కన కూర్చుని ఆపేవాళ్ళెవరూ లేరు. ఆవిడ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. కారు నింపాదిగా వెళ్ళి ముళ్ళపొదలో దూరింది. ఆవిడ బ్రేకు మరిచిపోవడం సర్వీసులో అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే ఇంట్లో మాట కదిపింది. పెళ్ళికి ముందు నాన్న మోటారు సైకిలు మీద ఊరంతా చుట్టబెట్టిన మనిషే కాబట్టి బండి కొత్త కాదు. ఎలాగూ కింద పడేయాల్సిన బండి కాబట్టి కొత్తది కొనడం దండగ, వాడినదే కొంటానంది. పెళ్ళాంతో కాదనే ధైర్యం మొగుడికి ఏనాడూ లేదు. నెపం తన చెల్లెలి మీదికి నెట్టేసి, అది సరేనంటే నాకూ సరేనన్నాడు.

ఆ చెల్లెలు ఆస్పత్రిలో కట్లు కట్టే గదిలో నర్సు. ఆదివారం బళ్ళ మీద ఎగిరినవాళ్ళు సోమవారం పొద్దున్నే కుంటుకుంటూ చేరేది ఆవిడ దగ్గరికే. ఆవిడ వదినతో ఒక షరతు పెట్టింది. నీతో పాటు వచ్చి చూస్తాను, నాకు నచ్చకపోతే ఈ జన్మలో మళ్ళీ బండి మాట ఎత్తకూడదు. బ్రేకు టీచరు సరేనని బయల్దేరింది.

ఊళ్ళో అమ్మకానికి ఉన్నవి రెండే. మొదటి బండి టైర్ల కొట్టు వెనక పెరట్లో ఉంది. మేం వచ్చేదాకా ఇంజను స్టార్టు చేయొద్దని బ్రేకు టీచరు ఫోనులో ముందే చెప్పింది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొండికేసే ఇంజను, ఒకసారి వేడెక్కాక బుద్ధిమంతురాలిలా నటిస్తుంది. కొట్టు యజమాని అలాగేనని మాటిచ్చాడు. నర్సు వెళ్ళి, రోగి నుదురు చూసినట్టు, ఇంజను మీద చెయ్యి వెనక్కి తిప్పి పెట్టింది.

"వదినా, దీనికి జ్వరం."

ఎండకి వేడెక్కిందన్నాడు యజమాని. బండి ఉన్నది రేకుల కింద, నీడలో. అయినా వదినకి ఆ మాటలేవీ చెవికెక్కలేదు. బండి ఎర్రగా నిగనిగలాడుతోంది. సీటు ఎత్తు ఆవిడ నడుముని దాటిపోయింది. కాళ్ళు నేలకి ఆనని బండి జోలికి పోవద్దని వందలమందికి చెప్పిన నోటితోనే ఒక్క రౌండు కొట్టొస్తానంది. గోడ ఆసరాతో ఎక్కింది, పెరడంతా తిరిగింది, ఆగింది. ఆగాక కాలు చాపి నేల కోసం వెతికింది. నేల దొరకలేదు. బండీ ఆవిడా కలిసి, ఏ తొందరా లేకుండా, ఎంతో మర్యాదగా, పాత టైర్ల గుట్ట మీదికి ఒరిగిపోయారు.

లేపడానికి వంగిన నర్సుకి బండి పొట్ట కింద, తాజా రంగు వేసిన చోట, ఒక బొడిపె కనబడింది.

"విరిగితే అతికించారు. అతికిన ఎముక నా దగ్గర దాగదు," అంది యజమానితో.

ఆ కొట్టు దాటి మలుపు తిరిగేదాకా ఇద్దరూ నవ్వు బిగపట్టుకుని నడిచారు. తిరిగాక ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఊపిరాడకుండా నవ్వారు. నవ్వు ఆగాక వదినకి గుబులు మొదలైంది. మిగిలింది ఇంకొక్క బండే.

అది ఊరి చివర ఒక సర్వేయరుది. కొండలూ గుట్టలూ కొలుస్తూ తిరిగిన మనిషి, నడుం మొరాయించి ఇప్పుడు ఆఫీసు కుర్చీకి పరిమితమయ్యాడు. బండి అసలు రంగేమిటో అడిగితే ఆయనే కాసేపు ఆలోచించాడు. ఒళ్ళంతా గీతలు. నర్సు చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది. వదిన చక్రాలు పట్టి ఊపింది, కదలలేదు. ముందు చక్రాన్ని మోసే గొట్టాల నుంచి నూనె కారడం లేదు. గొలుసు తిరిగే చక్రం పళ్ళు అరగలేదు. కిక్కు కొడితే బండి దగ్గింది, విసుక్కుంది, మూడోసారికి అందుకుంది. ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనాయి.

వదిన ఆశగా ఆడపడుచు మొహంలోకి చూసింది.

"బండి బాగానే ఉంది. నువ్వెలా ఉంటావో చూడాలి. ఆ వాగు దాటి రా, అప్పుడు చెప్తా," అంది నర్సు.

ఇంటి వెనక కాలిబాట ఒకటి ఎండిపోయిన వాగులోకి దిగి, అవతలి గట్టెక్కుతుంది. వదిన దిగింది. సగంలో రాళ్ళు కనబడగానే కుడికాలు తన ఉద్యోగం తను చేసేసింది. ఈ బండికీ వెనక బ్రేకు కుడికాలి కిందే ఉంది మరి. చక్రం బిగుసుకుని జర్రున జారింది, ఇంజను ఆగిపోయింది. వెనక్కి తెచ్చి మళ్ళీ దిగింది. మళ్ళీ అదే. రాళ్ళ మీద బ్రేకు వద్దండీ అని సర్వేయరు పైనుంచి మెల్లగా చెప్పాడు.

"నాకు తెలుసండీ. కాలికే తెలీదు," అంది ఆవిడ.

నర్సు పెదాలు బిగుసుకున్నాయి. ఆ బిగింపు అర్థం వదినకి తెలుసు.

"ఇంక చాలు వదినా, ఇంటికి పోదాం."

"ఇంకొక్కసారి. ఇప్పుడూ ఆగిపోతే నేనే తాళం ఇచ్చేస్తా."

మూడోసారి ఆవిడ కుడికాలిని బండికి దూరంగా, బారుగా పక్కకి చాపేసింది. పెంకి పిల్లని గది బయట నిలబెట్టినట్టు. ఆ అవతారంతోనే వాగులోకి దిగింది. రాళ్ళొచ్చాయి. గాల్లో కాలు ఆత్రంగా నొక్కుతూనే ఉంది, కానీ అక్కడ నొక్కడానికేమీ లేదు. బండి రాళ్ళ మీద గంతులేసింది, గర్జించుకుంటూ గట్టెక్కింది, చివరన రెండు చక్రాలూ నేల వదిలాయి. జానెడో, మూరెడో. ఆవిడ గొంతులోంచి చంటిపిల్లల కేరింతలాంటిది ఒకటి బయటికొచ్చి వాగు పొడుగునా మోగింది.

నర్సు నవ్వలేక కడుపు పట్టుకుని మట్టిలో కూలబడింది. కళ్ళ వెంట నీళ్ళు. చాపిన కాళ్ళు రోజూ చూస్తూనే ఉంటాను గానీ, కట్టు లేకుండా కాలు చాపుకుని ఎగిరే మనిషిని ఇవాళే చూశానంది. హెల్మెట్టూ, మోకాళ్ళ తొడుగులూ, బూట్లూ తనే దగ్గరుండి కొనిస్తుందట, అవి లేకుండా బండి ముట్టుకుంటే తనే కాలు విరిచి తనే కట్టు కడుతుందట.

"అయితే మీకు నచ్చినట్టేనా అమ్మా?" అన్నాడు సర్వేయరు.

"నాదేముందండీ. ముందు ఆవిణ్ణి దిగమనండి, చూద్దాం."

ఆవిడ దిగలేదు. అవతలి గట్టు మీద బండి తిప్పుకుని, అడక్కుండానే మళ్ళీ వాగులోకి వస్తోంది, ఎవరికో దారి చూపిస్తున్నట్టు ఆ కుడికాలు బారుగా చాపుకుని.