బాత్రూం గోడకు పెట్టిన కల్లు

నెల కింద చచ్చిపోయిన బుచ్చిరాములుకు మూడోనాడు పిట్టకు కూడు పెడితే ఒక్క కాకి గూడ ముట్టలే. ఆయనకు ఏదో కోరిక మిగిలిందన్నరు అందరు. అప్పటిసంది ఆయన పెండ్లాం ఐలవ్వ నల్లా మూసినప్పుడల్లా బాత్రూం గోడను ఎవరో ధన్ ధన్‌మని కొట్టినట్టు వినవడుతున్నది. పెనిమిటే అడుగుతున్నడనుకొని ఆమె ఒకనాడు కల్లు, ఒకనాడు తునకల కూర, ఒకనాడు బీడీల కట్ట ఆ గోడకాడ పెట్టింది. చప్పుడు ఆగలే.

పైపు కారవట్టేసరికి వాడకట్టుల నల్లాల పనిచేసే సతీశ్‌ను పిలిచింది.

"గోడకు దావత్ ఇస్తున్నవా పెద్దమ్మా?" అన్నడు సతీశ్ కల్లు ముంతను చూసి. నల్లా టక్కున మూసి, గోడ ఎనుకకు పోయి చూసి వచ్చిండు. "నీళ్ళు జోరు మీద ఉన్నప్పుడు ఒక్కసారే ఆపితే పైపును గుద్దుతయి. పైపును పట్టే క్లాంపు ఊడింది, అందుకే గోడకు కొట్టుకుంటుంది. గోడ అరిగిన తీరు చూస్తే రెండేండ్ల సంది ఉన్నట్టుంది."

"అయితే మీ పెద్దబాపు కాదా?" అని అడిగింది ఐలవ్వ.

సతీశ్ మొఖంల నవ్వు పోయింది. "కాదు పెద్దమ్మా."

పైపు కారేకాడ అతుకు వేసి, క్లాంపు బిగించి పోయిండు. ఐలవ్వ నల్లా తిప్పి మూసింది. మళ్ళ తిప్పి మూసింది. గోడ పలకలే. ఆయన ఏం కావాల్నని పోయిండో ఇగ తెలుసుకునే తొవ్వ లేదు.